సీసపు గుండ్లు, నల్ల ఇసుక

“కనిపించడు కాబట్టి దేవుణ్ణి నమ్మనంటావు, కనిపించని కిరణాలను కొలిచి మాత్రం జీతం తీసుకుంటావు” అని నన్ను ఉద్యోగం చేసినన్నాళ్లూ దెప్పిన మిత్రులున్నారు. వాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఒకటే. కంటికి కనిపిస్తుందా లేదా అన్నది కాదు తగువు. నేను కొలిచినదాన్ని నా మాట గిట్టనివాడు వచ్చి కొలిచినా అదే ఫలితం రావాలి. వస్తే అది ఉన్నట్టు. రాకపోతే నేను చెప్పినా నమ్మనక్కర్లేదు. హేతువాద సభల్లో ఈ జవాబుకు చప్పట్లు మోగేవి. నర్సీపట్నం మార్కెట్లో మాత్రం దీనితో ఒక్క చేప కూడా అమ్ముడుపోలేదు.

ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. భద్రత ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు పరికరాల గురించి పుస్తకాల్లో చదువుకుంటారు. ఆ పరికరాన్ని పట్టుకుని జనం మధ్యకు వెళ్లాక ఏమవుతుందో ఏ పుస్తకమూ చెప్పదు.

నేను పనిచేసిన ఫ్యాక్టరీ సముద్రానికి దగ్గర్లో ఉండేది. తుక్కు ఇనుము కొని, కొలిమిలో కరిగించి, కడ్డీలు పోసి అమ్మేవాళ్లం. పాత సైకిళ్లు, విరిగిన నాగళ్లు, మూతపడ్డ మిల్లుల సామాను, అన్నీ లారీల్లో వచ్చిపడేవి. రెండు వేల సంవత్సరం దాటాక విదేశాల్లో మా సరుకు కొనేవాళ్లు ఒక షరతు పెట్టారు. తుక్కులో రేడియోధార్మిక వస్తువులు కలవకుండా చూసుకోవాలన్నారు. వాళ్ల భయంలో అర్థముంది. ఆసుపత్రుల్లో, మిల్లుల్లో వాడే కొన్ని యంత్రాల లోపల వేలెడంత కూడా లేని క్యాప్సూల్‌లో అలాంటి పదార్థం ఉంటుంది. అది తెలియక కొలిమిలో పడిందా, కరిగిన ఇనుమూ, కొలిమి గోడా, పొగగొట్టంలోని బూడిదా అన్నీ పాడవుతాయి. ఆ ఇనుము ఎవరి ఇంటి స్లాబులోకో వెళ్లి కూర్చుంటుంది.

అందుకని గేటుకు రెండు పక్కలా స్తంభాల్లాంటి పరికరాలు నిలబెట్టారు. లారీ వాటి మధ్య నుంచి వెళ్తున్నప్పుడు లోడులో అలాంటిదేమైనా ఉంటే సైరన్ మోగుతుంది. ఆ పని చూసుకోవడానికి, కొన్నాళ్లు శిక్షణకు పంపి, నన్ను పెట్టారు. నా పైన ఒక ఆఫీసరు. నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు. నా ఉపన్యాసాల సంగతి విని నన్ను “గురువుగారూ” అని పిలిచేవాడు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో నాకు చివరిదాకా తేలలేదు.

మొదట్లో సైరన్ మోగినప్పుడల్లా అందరం పరుగెత్తేవాళ్లం. ఒకసారి లోడులో, మట్టిలోనే కాస్త ఆ గుణమున్న కొలిమి పాత ఇటుకలు, ఇంకోసారి ఏకంగా డ్రైవరే. అంతకుముందు ఆసుపత్రిలో ఆయనకు స్కాన్ కోసం ఏదో మందు ఎక్కించారట, అది ఒంట్లో ఇంకా మిగిలుంది. ఆయన్ని దింపి లారీని మళ్లీ నడిపిస్తే మోగలేదు. “అంటే నేనే తుక్కునాండీ?” అని ఆయన బాధపడ్డాడు. అలా మోగి మోగి ఆ సైరన్ అంటే గేటు దగ్గరివాళ్లకు లెక్కలేకుండా పోయింది. నర్సీపట్నం నుంచి వచ్చిన లారీకి అది మోగిన రోజున కూడా సెక్యూరిటీ మనిషి టీ గ్లాసు పక్కన పెట్టకుండానే నాకు ఫోను చేశాడు.

ఆ రోజు మాత్రం అది ఉత్త మోత కాదు. చేతి మీటరు పట్టుకుని లారీ చుట్టూ తిరిగాను. వెనక ఎడమ మూలకు వచ్చేసరికి మీటరు చేసే టిక్కుటిక్కులు కలిసిపోయి ఒకే గరగర శబ్దమయ్యాయి. అందర్నీ దూరంగా పంపించి, లారీ చుట్టూ తాడు కట్టి, ముంబైలోని అణుభద్రత కార్యాలయానికి కబురు పంపాం. అక్కడి నిపుణులు వచ్చి లోడులోంచి ఒక ఇనప డొల్లను బయటికి తీశారు. బిందెకన్నా కొంచెం పెద్దది. మధ్యలో ఒక గొట్టం, గొట్టంలో క్యాప్సూల్. మిల్లుల్లో పెద్ద తొట్ల లోపల సరుకు ఎంత ఎత్తు ఉందో బయట నుంచే తెలుసుకోవడానికి వాడే గేజి అది. మూతపడ్డ ఏ మిల్లులోంచో, దాని సంగతి తెలిసిన మనిషి వెళ్లిపోయాక, తుక్కుతో పాటు అమ్ముడుపోయి ఉంటుంది.

డొల్లకూ గొట్టానికీ మధ్య కిరణాలను ఆపడానికి నిండా సీసం పోసి ఉండాలి. లేదు. ఎవరో దాన్ని కరిగించి తీసేశారు.

నిపుణులు క్యాప్సూల్‌ను గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కొలిచి చూశారు. గుడ్డకు ఏమీ అంటలేదు. అంటే క్యాప్సూల్ పగలలేదన్నమాట. ఇది అర్థమైతే ఈ కథంతా అర్థమవుతుంది కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. గదిలో దీపం పెడితే గోడ మీద వెలుగు పడుతుంది. దీపం తీసుకుపోతే గోడ వెలగదు. క్యాప్సూల్ పగలనంతవరకూ దాని పక్కనున్న సీసం కూడా ఆ గోడ లాంటిదే. పగిలి లోపలి పొడి అంటుకుంటేనే ఆ సీసంతో ప్రమాదం. “సీసం శుభ్రంగానే ఉండాలి. అయినా అదెక్కడుందో పట్టుకుని కొలిచి చెప్పండి” అని మాకు పని అప్పగించి, వాళ్లు ఆ క్యాప్సూల్‌ను బరువైన పెట్టెలో పెట్టి పట్టుకెళ్లిపోయారు.

నేనూ ఆఫీసరూ జీపులో నర్సీపట్నం బయల్దేరాం. మాకవరపాలెం నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో ఉంది ఆ లారీని పంపిన తుక్కు కొట్టు. గేటుకు నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడుతోంది. కొట్టంతా కొలిచి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. యజమాని నలభై దాటిన మనిషి, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు తెప్పించాడు. నేను మూడు రెక్కల హెచ్చరిక గుర్తు బొమ్మ చూపించి, ఆ డొల్ల మీద ఇది చూడలేదా అని అడిగాను.

“సూడకేటండీ, సూసినాం. మూడు రెక్కలున్నాయి కదా, ఫ్యాన్ల కంపెనీదేమో అనుకున్నాం. లోపల మోటారుంటాది, రాగి తీగ దొరుకుద్దని కోయించీసినాను. రాగి నేదు. సీసం ఉంది.”

ఆఫీసరు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో ఆ గుర్తును తయారుచేసి, ప్రపంచమంతా దీన్ని చూసి భయపడుతుందనుకున్నారు. చదువు చెప్పకుండా గుర్తు మాత్రం అతికిస్తే అది ఫ్యాను రెక్కే అవుతుంది. తప్పు ఈయనది కాదు.

డొల్లను కోసిన పనివాణ్ణి పిలిపించాం. అప్పటికే అతన్ని విశాఖ పంపించి రక్తపరీక్షలు చేయించారు, తేడా ఏమీ కనబడలేదు, కొన్నాళ్లపాటు మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు. అతనికి అవేవీ పట్టలేదు. నన్ను పక్కకు పిలిచి, “నా పక్కన కూకుంటే మా ఇంటిదానికి అంటుకుంటాదేటండీ? మూడు రోజుల్నుంచీ వాకిట్లోనే అన్నం ఎడతంది” అన్నాడు. అంటుకోదని చెప్పాను. “ఆ ముక్క తమరొచ్చి దానికి సెప్పండి” అన్నాడు. వెళ్లి చెప్పాను. ఆవిడ విని తలూపి, మొగుడికి మంచినీళ్లు వాకిట్లోకే తెచ్చి ఇచ్చింది. రాబోయేదానికి అది సూచన అని నాకప్పుడు తట్టలేదు.

ఆఫీసరు నిమ్మకాయల దండ చూపిస్తూ యజమానిని ఆటపట్టించాడు.

“ఇన్ని కట్టావు, ఒక్కటీ పనిచెయ్యలేదేం?”

“మీ గేటు కాడ సైరనుంది, నా గేటు కాడ నిమ్మకాయుంది. రెండూ దానికే కదండీ.”

“మా సైరన్ మోగిందయ్యా. నీ నిమ్మకాయ మోగలేదు” అన్నాను నేను.

“ఎండిపోనాది సార్. అందుకే నిన్న మార్సీసినాను” అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా. ఇరవై ఏళ్లు సభల్లో వాదించినవాణ్ణి, మాట మార్చి సీసం సంగతికి వచ్చాను.

సీసం ఎవరికి అమ్మావని అడిగితే, “అమ్మలేదండి, మార్పిడి” అన్నాడు. అక్కడి వాడుక అది. తీరంలోని పల్లెల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే వ్యానులో చేపల గంపలతో నర్సీపట్నం వస్తారు. అమ్ముకున్నాక, తిరిగి వెళ్లేటప్పుడు తుక్కు కొట్ల దగ్గర ఆగి, నెత్తళ్లనే చిన్న ఎండుచేపలు ఇచ్చి, బదులుగా సీసం పట్టుకెళ్తారు. ఇంటి దగ్గర మగవాళ్లు దాన్ని కరిగించి గుండ్లు పోసి వల అంచుకు కడతారు. వల నీళ్లలో కిందికి దిగాలంటే ఆ బరువు ఉండాలి. ఈ సీసాన్ని తీసుకెళ్లినామె మార్కెట్లోనే ఉందన్నాడు.

ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. గంప ముందు కూర్చుని, పక్కన కూర్చున్న నలుగురి గొంతులనూ మింగేసే గొంతుతో బేరం చేస్తోంది. మేం ఎందుకొచ్చామో చెప్పి, వల చూడాలన్నాం. గంప పక్కావిడకు అప్పజెప్పి జీపెక్కింది. దారి పొడుగునా ఒకటే సణుగుడు.

“జీపెక్కించి అట్టుకెల్తన్నారు. మా ఊరోల్లు సూస్తే నానేదో దొంగతనం సేసినాననుకుంటారు బాబూ. ముందల కూకోబెట్టండి, ఎనకాల వద్దు.”

ముందు సీట్లోంచి ఆఫీసరు దిగి వెనక్కి వచ్చాడు.

వేసవిలో వేట నిషేధం ముగిసి పడవలు అప్పుడప్పుడే సముద్రంలోకి దిగుతున్నాయి. ఒడ్డున ఇసుక మీద కొత్త గుండ్లు కట్టిన వల పరచి ఉంది. ఆవిడ భర్త దాని పక్కనే కూర్చుని చిరుగులు అల్లుతున్నాడు. నేను గుండ్ల వరస మీద మీటరు పెట్టాను. కొట్టు దగ్గర అప్పుడొకటి ఇప్పుడొకటి వినిపించిన టిక్కులు ఇక్కడ వెంటవెంటనే, వేడి పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు మొదలయ్యాయి.

ఆఫీసరు మొహం పాలిపోయింది. సెల్‌ఫోన్ తీశాడు. ఆ రోజుల్లో ఆ ఒడ్డున సిగ్నల్ దొరకడమే గొప్ప. వినపడదని గొంతు చించుకుని అరిచాడు. “రీడింగ్ ఎక్కువుంది సార్! సీసం పాడైంది! వల స్వాధీనం చేసుకుంటున్నాం!”

ఫోనులో అవతలివాళ్లకు ఎంత వినపడిందో తెలియదు గానీ ఒడ్డంతా వినపడింది. రెండో విడత గంపలతో నర్సీపట్నం బయల్దేరబోతున్న వ్యాను డ్రైవరుకూ వినపడింది.

ఆవిడ భర్త లేచి వలకు అడ్డంగా నిలబడ్డాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. “ఈ వల పోతే ఈ యేడు మాకు ఏట నేదండి” అన్నాడు. అంతే. ఆవిడ మాత్రం ఆఫీసరు మీదికి వెళ్లింది. “నెత్తళ్లిచ్చి తెచ్చుకున్నాను, ఊరికే తేలేదు. సెడిపోయిన సరుకిచ్చినోన్ని ఒగ్గేసి, మా వల మీద పడ్డారేటి?”

మీటరు చూసి నేనూ నమ్మాను. కాసేపు. నా చేతిలోనే మోగుతోంది కదా. కానీ గుడ్డకు ఏమీ అంటలేదన్న నిపుణుల మాట ఒకటి అడ్డం పడుతోంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒకాయన తన ఉంగరం నీళ్లలో ముంచి ఇస్తే తేలు విషం దిగిపోతుందని ఊళ్లు తిరిగేవాడు. మేం ఆయనను అడిగిందల్లా ఒక్కటే: ఉంగరం లేకుండా ఉత్త నీళ్లిచ్చి చూడు, ఆ నొప్పీ అంతసేపటికే తగ్గుతుందేమో. వాదనలో అంతకన్నా పదునైన ఆయుధం నాకు ఈనాటికీ తెలియదు. అలాంటిది, వల లేనిచోట మీటరు ఏమంటుందో చూడకుండానే వలను దోషిని చేశాం.

వల దగ్గర్నుంచి లేచి ఒడ్డు వెంట నడిచాను. టిక్కులు తగ్గలేదు. ఇంకా దూరం వెళ్లాను. అలలు నల్లని చారలుగా ఇసుకను వదిలి వెళ్లిన చోట ఇంకా పెరిగాయి. వల ఆ ఛాయల్లోనే లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మన తీరంలో చాలాచోట్ల ఆ నల్ల ఇసుకలో సహజంగానే రేడియోధార్మిక ఖనిజం కొంత ఉంటుంది. మనుషులు పుట్టకముందు నుంచీ ఉంది. శిక్షణలో చదువుకున్నదే. మేం వలను కొలవలేదు, వల కింది ఇసుకను కొలిచాం.

వలను నలుగురం కలిసి మోసి ఊరి బయట తారురోడ్డు మీదికి తెచ్చాం. ముందు ఉత్త రోడ్డును కొలిచాను. తర్వాత అదే చోట గుండ్లు పెట్టి కొలిచాను. ఒక్కో గుండునూ గుడ్డతో తుడిచి ఆ గుడ్డనూ కొలిచాను. తేడా లేదు. ఆఫీసరును కూడా కొలవమన్నాను. ఆయనకూ అదే వచ్చింది.

“సరే, శుభ్రంగానే ఉంది” అన్నాడాయన. “అయినా తీసుకెళ్లిపోదాం గురువుగారూ. ఊరంతా విన్నారు కదా. మనం ఏదో ఒకటి తీసుకెళ్తే జనం కుదుటపడతారు.”

నాకు ఒళ్లు మండింది. “ప్రమాదం లేదని మీ చేత్తో కొలిచాక కూడా తీసుకెళ్తే అది భద్రత కాదండీ, శాంతి హోమం. పొద్దున్న నిమ్మకాయలను చూసి నవ్వింది మీరేనా?”

ఆయనకూ కోపం వచ్చింది. కాసేపు జీపు చుట్టూ తిరిగాడు. చివరికి “వల వదిలేస్తున్నామని మీ పేరు మీద రాసి సంతకం పెట్టండి” అన్నాడు. పెట్టాను. పడవ మర్నాడు వేటకు వెళ్లింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా తుక్కు కొట్టు యజమాని ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. “సార్, ఆ సేపలావిడ రోజూ వచ్చి నా కొట్టు ముందు కూకుని తిడతంది. ఆవిడ సేపలు ఎవులూ కొనట్లేదు. మీరొచ్చి ఏదో ఒకటి సెయ్యండి, నేదంటే నా కొట్టుక్కూడా ఎవులూ రారు.”

జరిగింది ఇదీ. “రీడింగ్ ఎక్కువుంది” అన్న కేక వ్యానులో నర్సీపట్నం చేరింది. “రోడ్డు మీద తేడా లేదు” అన్న మాటకు మాత్రం ఏ వ్యానూ దొరకలేదు. ఆవిడ చేపలకు “కరెంటు సేపలు” అని పేరు పడింది. పక్క పల్లెల ఆడవాళ్లు, అప్పటిదాకా కిళ్లీ పంచుకున్నవాళ్లే, “నువ్విక్కడ కూకుంటే మా గంపలు కూడా మునిగిపోతాయప్పా, అటు పో” అని వరస చివరికి తోసేశారు. వల సముద్రంలోకి వెళ్తోంది, చేపలు పడుతున్నాయి, కొనేవాడు లేడు. వల కాపాడి మేం చేసిన మేలు అంతవరకే.

మళ్లీ జీపెక్కాం. దారిలో ఆఫీసరు ఒక ఉపాయం చెప్పాడు. మీటరుకు శబ్దం ఆపే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేసి చేపల మీద పెడదాం. ఏ చప్పుడూ రాదు. జనం చూస్తారు, నమ్ముతారు, అయిపోతుంది. “మనం చెప్పేది నిజమే కదా గురువుగారూ. నిజాన్ని నమ్మించడానికి ఒక స్విచ్ నొక్కితే పాపమా?”

చిన్న స్విచ్. బొటనవేలితో నొక్కితే చాలు. ఎవరికీ తెలియదు. మీటరు ఎక్కడ పెట్టినా ఎప్పుడో ఒకసారి టిక్కుమనకుండా ఉండదు. మట్టిలో, రాతిలో, గాలిలో, మన ఒంట్లో అంతటా అంతో ఇంతో ఆ కిరణాలున్నాయి. ఆ ఒక్క టిక్కు వింటే చాలు, జనం పారిపోతారని నాకూ తెలుసు. కానీ విబూది చేతిలోంచి పుట్టిస్తానన్నవాళ్ల చొక్కా చేతులు మడిచి చూపించడానికి సగం వయసు ఖర్చుపెట్టినవాణ్ణి. నేను స్విచ్ నొక్కి చూపించే నిశ్శబ్దానికీ ఆ విబూదికీ తేడా ఏముంది? అలాగని స్విచ్ నొక్కకపోతే నష్టపోయేది నేనా? నా సిద్ధాంతం నిలబడుతుంది, ఆవిడ గంప మునుగుతుంది. ఇంకొకరి గంపను పణంగా పెట్టి నిజాయితీ చూపించుకోవడం కూడా నాకు న్యాయమనిపించలేదు.

అందుకని ఆవిడనే అడిగాను. వరస చివర, మురుగు కాలవ పక్కన, నిండు గంప ముందు కూర్చుని ఉంది. రెండు దారులూ చెప్పాను. దీపం, గోడ సంగతి కూడా చెప్పాను.

“ఆ సప్పుడు సేపల్లోంచి రాదా అయితే?”

“చేపల్లోంచి కాదమ్మా. ఎక్కడ పెట్టినా అంతే వస్తుంది.”

“అవతలోల్ల గంపల మీదెట్టినా?”

“పెట్టినా.”

ఆవిడ ఈగలు తోలుతూ ఆలోచించింది. “ఇయ్యాల మీరు నోరు నొక్కీసి సూపిస్తారు. రేపు ఇంకోడెవుడో తెచ్చి నొక్కకుండా ఎడతాడు. అప్పుడు నా గతేటి బాబూ? రానీ. సప్పుడు రానీ.”

శబ్దం పెంచాను. జనం మూగారు. నేను బెంచీ ఎక్కి మాట్లాడాను. బాగానే మాట్లాడాననుకుంటాను. క్యాప్సూల్ పగలలేదన్నాను, దీపం అన్నాను, గోడ అన్నాను, భయానికి కొలత ఉండాలన్నాను. అందరూ మర్యాదగా విన్నారు. అప్పుడు మీటరు చేపల మీద పెట్టాను.

టిక్.

జనం ఒక్కసారిగా అడుగు వెనక్కి వేశారు.

“మరి టిక్కుమంటంది కదండీ” అన్నాడు రోలుగుంట నుంచి వచ్చిన ఒక రైతు. అందరూ తలూపారు. నా ఉపన్యాసం మొత్తాన్నీ ఆ ఒక్క టిక్కు తినేసింది. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. టిక్. ఇంకో అడుగు వెనక్కి. ఆఫీసరు నా వైపు, స్విచ్ వైపు చూస్తున్నాడు.

ఆవిడ ఇంక ఓపిక పట్టలేకపోయింది. లేచి నా మోచెయ్యి పట్టుకుని, ఎదురుగా బెల్లం దిమ్మలు పెట్టుకున్న షాపతని దగ్గరికి లాక్కెళ్లింది. వారం రోజులుగా “కరెంటు సేపలు” అని అందరికన్నా గట్టిగా అరిచినవాడు అతనే.

“ఆడి బెల్లం మీదెట్టు బాబూ.”

“నా బెల్లం జోలికొస్తే బాగోదు!” అని అతను అడ్డం పడేలోపల పెట్టాను. టిక్. ఆగి, మళ్లీ టిక్.

“ఓలమ్మో, కరెంటు బెల్లం!” అని ఎవరో అరిచారు. నవ్వులు.

“నా దగ్గరకే ఎందుకొచ్చినావు, ఆ జీడిపప్పు కాడెట్టవేటి?” అన్నాడు అతను ఉక్రోషంగా. జీడిపప్పు మీద పెట్టాను. టిక్. కొట్టు మెట్టుగా వేసిన రాతి పలక మీద పెడితే చేపల మీద కన్నా ఎక్కువే మోగింది. దాని మీద కూర్చున్న ముసలాయన గబుక్కున లేచి, పంచె దులుపుకుని, “నలభై ఏళ్లుగా దీని మీదే కూకుంటన్నాను రా” అన్నాడు. “అందుకే నీకు పిల్లలెక్కువ” అంది ఒకావిడ. రోలుగుంట రైతు తన చెయ్యి చాపి, నా మీద పెట్టి చూడమన్నాడు. పక్క పల్లెల చేపలావిడలు కూడా ఒకరి వెనక ఒకరు గంపలు ముందుకు జరిపారు. నేను మీటరు వాళ్ల చేతికే ఇచ్చేశాను. పోటీలు పడి తిప్పారు. ఎవరో ఆఫీసరు పొట్ట మీద పెడితే అప్పుడే రెండు టిక్కులు వరసగా వచ్చాయి, మార్కెట్ గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు.

“అందరియీ టిక్కుమన్నాయి కదా” అని ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది. “మరి నా సేపలొక్కటే ఏటి పాపం సేసినాయి?”

ఆవిడ గంప పట్టుకొచ్చి పాత చోట్లో దించింది. పక్కావిడ ఒక్క క్షణం చూసి, తన పీట కొంచెం అటు జరుపుకుంది.

నేను గెలిచాననుకున్నాను. మీకు నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, గెలవలేదు. అంత నవ్విన జనంలో ఒక్కరూ ఆవిడ గంపలో చెయ్యి పెట్టలేదు. అందరూ మీటరు చుట్టూ ఉన్నారు. దాన్ని చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు, చేపల వైపు ఎవరి చూపూ లేదు. ఇంకోసారి విడమర్చి చెబుదామని నేను మళ్లీ బెంచీ వైపు కదిలాను.

ఆవిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అంది. నేను ఆవిడ నుంచి విన్న చిన్న గొంతు అదొక్కటే.

“సాలు బాబూ. నువ్వు సెప్పిందంతా నిజమే, నాకరదమైంది. ఈల్లకీ అరదమైంది. గానీ నువ్వూ నీ పెట్టీ ఇక్కడ నిలబడ్డంతసేపు నా గంప కాడికి ఎవులూ రారు. పోలీసోడు నిలబడ్డ ఇంటికి సుట్టాలొస్తారేటి? బేగి ఎల్లిపోండి.”

అంతవరకూ నాకది తట్టలేదు. అనుమానం తీర్చడానికి వచ్చినవాడు కూడా, అక్కడే నిలబడి ఉంటే, అనుమానానికి గుర్తుగానే మిగులుతాడు. నా మాటల్లో తప్పు లేదు. నా ఉనికిలో ఉంది. మీటరు తీసుకుని, సంచిలో పెట్టి, ఎవరికీ నమస్కారం కూడా చెప్పకుండా జీపు దగ్గరికి నడిచాం.

డ్రైవరు కిళ్లీ కోసం వెళ్లాడు. వెనకసీట్లో కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను. జనం పల్చబడ్డారు. ప్లాస్టిక్ వైర్ల బుట్ట పట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి వరసంతా నడిచి, ఆవిడ గంప ముందు ఆగింది. వంగింది. ఒక చేపను తోక పట్టి లేపి, మొప్ప ఎత్తి చూసి, మొహం చిట్లించింది.

“ఇదేటే, కళ్లు పీక్కుపోనాయి. దీనికింతేటి సెప్తన్నావు?”

“నీ కళ్లు పీక్కుపోనాయి, నా సేపవి కాదు! తెల్లారగట్ల పడ్డ సేప అది. కొంటే కొను, నేదంటే కింద ఎట్టీ!”

ఆఫీసరు కంగారుగా నా భుజం తట్టాడు. “గురువుగారూ, చేప బాగోలేదంటోంది ఆవిడ. దిగి ఇంకోసారి చెబుదామా?”

“ఎందుకండీ” అన్నాను. భయపడే సరుకును ఎవరూ బేరమాడరు, తప్పుకుని పోతారు. డ్రైవరును కేకేసి జీపు తీయమన్నాను. బలిఘట్టం రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ ఇద్దరి తగువూ వినపడుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ తగ్గడం లేదు.